జొవాన్ని పొంతానో లాటిన్ రచనలను ఎలా చదవాలి

పదిహేనో శతాబ్దపు నేపుల్స్ రాజ్యంలో ప్రధాన కార్యదర్శి పదవి దాకా ఎదిగిన జొవాన్ని పొంతానో, తన కాలపు ఇటలీలో అగ్రశ్రేణి లాటిన్ కవి కూడా. రాజనీతి, ఖగోళం, చరిత్ర, హాస్యం, తోటపని, కాపురం అన్నింటి మీదా ఆయన లాటిన్‌లోనే రాశాడు. అంతటి విస్తృతిని చూసి కొత్త పాఠకుడు ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోలేడు. మంత్రి రాసినవి కదా అని రాజధర్మ గ్రంథాలతో మొదలుపెట్టి, నాలుగు పుటలకే విసిగి పుస్తకం మూసేసేవారు ఎక్కువ. ఈ వ్యాసం అందుకు ఎదురుదారిని సూచిస్తుంది. పొంతానోను ఇంటి గడప దగ్గర మొదలుపెట్టి, అక్కడి నుంచి సభకు, సభ నుంచి కొలువుకు వెళ్లాలి. ఆయన లాటిన్‌కు ప్రాణం ఉన్నది ఇంట్లో. ఆ స్వరం ఒకసారి చెవికి పట్టాక, గంభీరమైన గ్రంథాలలో కూడా అది వినిపిస్తుంది.

ముందుగా ఒక కాగితం మీద కొన్ని తేదీలు రాసుకుని పుస్తకంలోనే పెట్టుకోండి. ఇవి లేకుండా చదివితే సగం కవితలు ఎవరి గురించో అర్థం కావు. 1429లో ఉంబ్రియా ప్రాంతంలోని చెర్రెతో దీ స్పొలేతోలో జననం. 1448లో అరగాన్ వంశపు రాజు ఆల్ఫోన్సో వెంట నేపుల్స్ రాక. 1461లో అద్రియానా సస్సోనెతో వివాహం. 1469లో కొడుకు లూచో పుట్టుక. 1471లో గురుతుల్యుడైన అంతోనియో బెక్కదెల్లి మరణం, ఆయన చుట్టూ చేరిన పండిత గోష్ఠికి పొంతానో పెద్ద కావడం. 1486లో పోపు ఎనిమిదో ఇన్నోసెంట్‌తో సంధి కుదర్చడం. 1490లో భార్య మరణం. 1495లో ఫ్రాన్స్ రాజు ఎనిమిదో చార్లెస్ నేపుల్స్‌ను పట్టుకోవడం, ఆ తర్వాత పదవి పోవడం. 1498లో లూచో మరణం. 1503లో నేపుల్స్‌లోనే పొంతానో మరణం. ఈ పట్టికలో రాజ్యానికి సంబంధించినవెన్నో, ఇంటికి సంబంధించినవీ దాదాపు అన్నే ఉన్నాయి. రచనలలో కూడా పాలు అదే.

మరొక సంగతిని మొదట్లోనే గుర్తుంచుకోవాలి. కార్యదర్శిగా ఆయన రోజువారీ రాజకీయ లేఖలు చాలావరకు ప్రజల భాషలో నడిచాయి. కాబట్టి లాటిన్ ఆయనకు దస్తావేజుల భాష అనుకోవడం పొరపాటు. పని ముగిశాక తాను ఎంచుకుని రాసుకున్న భాష అది. మిత్రులతో పరిహాసమాడడానికి, భార్యను పలకరించడానికి, బిడ్డను నిద్రపుచ్చడానికి ఆయన లాటిన్‌ను వాడాడు. ఎవరి తల్లీ మాట్లాడని భాషలో లాలిపాట రాయడం విడ్డూరంగా తోచవచ్చు. ఆ విడ్డూరమే ఆయనను చదవడానికి సరైన ద్వారమని నా అభిప్రాయం.

లాటిన్ ఎంత వచ్చి ఉండాలన్నది తర్వాతి ప్రశ్న. నామవాచకాల ఐదు వర్గాలూ, క్రియల నాలుగు వర్గాలూ, సంభావనార్థకపు (కోరిక, వేడుకోలు వంటివి తెలిపే క్రియారూపం, ఇంగ్లీషులో సబ్జంక్టివ్) ప్రధాన ప్రయోగాలూ తెలిస్తే లాలిపాటలకు సరిపోతుంది. సంస్కృత విభక్తులు కొంచెమైనా పరిచయమున్న తెలుగు పాఠకుడికి లాటిన్ విభక్తులు పూర్తిగా కొత్తవి కావు. నిఘంటువు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అందరూ వాడే లూయిస్, షార్ట్‌ల నిఘంటువు ప్రాచీన రచయితల కోసం తయారైనది. పొంతానో కల్పించుకున్న అల్పార్థక రూపాలు, అంటే చిన్నదనాన్నీ ముద్దునూ తెలిపే మాటలు, అందులో అన్నీ దొరకవు. దొరికిన మాటకు కూడా ఆయన ఇచ్చిన అర్థం అక్కడ ఉండకపోవచ్చు. ఒక లాలిపాటలో ‘ఓర్కుస్’ అనే పేరు వస్తుంది. నిఘంటువు దానికి పాతాళాధిపతి అని చెబుతుంది. పాటలో అతడు నల్లని రెక్కలతో రాత్రిపూట ఎగురుతూ, ఏడ్చే పిల్లల కోసం వెతికే బూచివాడు. ఇటాలియన్ ఇళ్లలో పిల్లలను భయపెట్టే ‘ఓర్కో’ ఇతడే. ఇలాంటి చోట నిఘంటువును పక్కనపెట్టి, ఈ మాటను దాది ఎలా పలుకుతుందని ఆలోచించాలి.

ఇక మొదటి పాఠం. ‘దే అమోరె కొన్యుగాలీ’, అంటే ‘దాంపత్య ప్రేమ గురించి’, అనే సంపుటి రెండో భాగంలో పన్నెండు లాలిపాటలు ఉన్నాయి. వాటిని ‘నేనియే’ అంటారు. ఆ మాటకు ప్రాచీన లాటిన్‌లో ప్రధానార్థం శోకగీతం. లాలిపాటలకు ఆ పేరు పెట్టడాన్ని తర్వాత తప్పక తలచుకోవలసి వస్తుంది. మొదటి పాట మొదటి రెండు పాదాలు ఇవి:

సొమ్నె వెనీ, తిబి లూకియొలుస్ బ్లందీతు రొకెల్లీస్;
సొమ్నె వెనీ, వెనియాస్, బ్లందులె సొమ్నె వెనీ.

గురులఘువులు తేలడానికి వీలుగా ప్రాచీన ఉచ్చారణను అనుసరించి ఇలా రాశాను. పొంతానో కాలపు ఇటలీలో ఇ, ఎ అచ్చుల ముందున్న కకారం చకారంగా పలికేది. ‘ఒచెల్లిస్’ అని చదివినా తప్పు లేదు. అర్థం ఇది: “నిద్రా, రా, మా చిట్టి లూచో బుల్లి కళ్లతో నిన్ను బుజ్జగిస్తున్నాడు, నిద్రా, రా, వచ్చెయ్యి, బుజ్జి నిద్రా, రా.” ఇప్పుడు మాట మాటకూ ఆగి చూడండి. ‘సొమ్నె’ సంబోధన. ‘వెనీ’ ఆజ్ఞ, ‘వెనియాస్’ అదే ధాతువుకు సంభావనార్థక రూపం. ఆజ్ఞ పనిచేయకపోతే వేడుకోలు అన్నట్టు రెండూ పక్కపక్కన నిలిచాయి. ‘బ్లందీతుర్’ రూపంలో కర్మణి, అర్థంలో కర్తరి. సంస్కృతంలోని ఆత్మనేపదాన్ని తలచుకుంటే ఇలాంటి క్రియలు తేలికగా అంటుకుంటాయి. ఆ క్రియకు కర్మ చతుర్థీ విభక్తిలో వస్తుంది కనుక ‘తిబి’. ‘ఒకెల్లీస్’ తృతీయార్థంలో ఉంది: కళ్లతో. ఆ మాట ‘ఒకులుస్’కు అల్పార్థక రూపం. ‘లూకియొలుస్’, ‘బ్లందులె’ కూడా అలాంటివే. రెండు పాదాలలో మూడు చిట్టి మాటలు. వాటిని తీసేస్తే వ్యాకరణం మిగులుతుంది గానీ పాట మిగలదు. పైగా లాటిన్‌లో నిద్ర పుంలింగం, ఒక దేవుడు. తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు ఆయనను ఎలా పిలవాలో మీరే నిర్ణయించుకోవలసి ఉంటుంది.

ఛందస్సు దగ్గర భయపడేవారికి ఒక శుభవార్త. లాటిన్ పద్యానికి కూడా గురులఘువులే ఆధారం. దీర్ఘం గురువు, సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు, పొల్లుతో ముగిసి మరో హల్లు తగిలినా గురువే. పైన చూపిన మొదటి పాదాన్ని గణ విభజన చేస్తే భ, భ, భ, గగ, భ, గగ అని వస్తుంది. హెక్సామీటర్ అనే ఆరు గణాల పాదం ఇదే. మొదటి నాలుగు స్థానాలలో భగణమైనా రావచ్చు, గగమైనా రావచ్చు. రెండూ నాలుగేసి మాత్రలే. ఐదో స్థానంలో దాదాపు ఎప్పుడూ భగణమే ఉంటుంది. ఆరో స్థానంలో రెండక్షరాలు. రెండో పాదం భ, భ, గ అనే సగం, మళ్లీ భ, భ, గ అనే సగం, మధ్యలో విరామం. ఈ రెండు పాదాలు కలిసిన జంటనే ఎలిజీ ద్విపద అంటారు. తెలుగు పద్యానికి అలవాటుపడిన చెవి ఒకటి రెండు చోట్ల పొరబడుతుంది. ఒక మాట చివరి అచ్చుకు ఎదురుగా మరో మాట అచ్చుతో మొదలైతే మొదటి అచ్చు పలుకులో లోపిస్తుంది, కానీ రాతలో అలాగే ఉంటుంది. సంధి జరిగిందని మీరే గుర్తించాలి. మకారాంతమైన మాటలకూ ఇదే జరుగుతుంది. హల్లు తర్వాత రేఫ లేదా లకారం వచ్చిన సంయుక్తం ముందు హ్రస్వం కొన్నిసార్లు లఘువుగానే నిలుస్తుంది. మన తేల్చి పలికే రేఫ లాంటిదే. రోజుకు పది పాదాల చొప్పున పెన్సిలుతో గణాలు గుర్తిస్తూ, తర్వాత పైకి చదువుతూ వెళితే, పన్నెండు పాటలు పూర్తయ్యేసరికి పెన్సిలు అవసరం తగ్గుతుంది.

పాఠ్యం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు రెండు జవాబులు ఉన్నాయి. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం వెలువరించే ఇ తాత్తి గ్రంథమాలలో పొంతానో కవితలు, సంభాషణలు చాలా వచ్చాయి. ఎడమ పుటలో లాటిన్, కుడి పుటలో ఇంగ్లీషు ఉంటాయి. కుడి పుటను కాగితంతో మూసి, ఎడమ పుటను రెండుసార్లు చదివాక మాత్రమే తెరవండి. రెండో దారి పాత ముద్రణల చిత్రప్రతులు. వెనిస్‌లో ఆల్దుస్ మనూతియుస్ 1505లో అచ్చువేసిన కవితా సంపుటి, నేపుల్స్‌లో శిష్యుడు పియెత్రో సుమ్మొంతే గురువు మరణానంతరం వరుసగా అచ్చువేయించిన గ్రంథాలు వీటిలో ముఖ్యం. వాటిలో పొడవాటి సకారాన్ని ఫకారంగా భ్రమపడే ప్రమాదం ఉంది. అక్షరం మీది గీత తరచుగా లోపించిన అనునాసికానికి గుర్తు. ఉకార వకారాలకు ఒకే అక్షరం. ఇంకొక హెచ్చరిక: పొంతానో తన రచనలను జీవితాంతం దిద్దుకుంటూనే ఉన్నాడు, మరణానంతర ముద్రణలలో సుమ్మొంతే చెయ్యి కూడా పడింది. కనుక పాత అచ్చుకూ నేటి ప్రతికీ మధ్య తేడా కనిపిస్తే అది అచ్చుతప్పు అని తొందరపడకండి. అక్షరక్రమం విషయంలో ఆయనకున్న పట్టింపు కూడా తెలుసుకోదగినది: లాటిన్‌లో హకారాన్ని ఎక్కడ రాయాలి, ఎక్కడ రాయకూడదు అన్న ఒక్క విషయం మీద ‘దే అస్పిరాతియోనె’ అని రెండు భాగాల గ్రంథమే రాశాడు, 1481లో అచ్చయింది.

లాలిపాటల తర్వాత అదే సంపుటిలో భార్యను ఉద్దేశించిన కవితలు చదవండి. రోమన్ ఎలిజీ కవులు ప్రేయసిని గురించి రాసే ఛందస్సును, భాషను ఆయన ఇల్లాలి కోసం వాడాడు. యుద్ధరంగం నుంచి ఇంటికి రావాలనే తపన, బిడ్డ పుట్టిన సంతోషం, కూతుళ్ల పెళ్లి వంటివి ఆ ఛందస్సులోకి రావడం అప్పటికి కొత్త. అయితే ఆయనను ఏకపత్నీవ్రతుడిగా ఊహించుకుని నిలిచిపోకూడదు. యౌవనంలో రాసిన ‘పార్థెనొపేయుస్’లో ఫన్నియా అనే ప్రేయసి ఉంది, భార్య పోయాక ఫెర్రారా ప్రాంతపు స్టెల్లా కోసం రాసిన ‘ఎరిదానుస్’ ఉంది, నేపుల్స్ సమీపంలోని వేడినీటి స్నానఘట్టాల విలాసాలను పాడిన ‘బాయియే’ ఉంది. ఈ చివరిది పదకొండు అక్షరాల వృత్తంలో సాగుతుంది. ప్రాచీన రోమన్ కవి కతుల్లుస్ వాడిన ఆ వృత్తానికి గణాలు కట్టుకుంటే మ, స, జ, గగ అని తేలుతుంది. కతుల్లుస్‌లో మాత్రం మొదటి రెండక్షరాలు మారుతుంటాయి. ముద్దులు, కొంటెతనం, మిత్రులను ఆటపట్టించడం దీని సరుకు. కతుల్లుస్ కవితలు ఒక పదైనా ముందు చదివి ఉంటే, పొంతానో ఎక్కడ అనుకరిస్తున్నాడో, ఎక్కడ గురువును మించి పునరుక్తితో ఆడుకుంటున్నాడో తెలుస్తుంది.

పద్యంతో చనువు కలిగాక గద్యానికి రండి, ముందుగా సంభాషణలకు. మొత్తం ఐదు. మొదట ‘కరోన్’ చదవాలి. పరలోకపు నదిని దాటించే పడవవాడు, మృతుల న్యాయాధీశులు, మెర్క్యురీ దేవుడు కలిసి మనుషుల మూఢనమ్మకాలను, పండితుల వ్యర్థ వాదాలను ఎగతాళి చేస్తారు. గ్రీకు వ్యంగ్య రచయిత లూకియన్ పద్ధతి ఇది. వాక్యాలు చిన్నవి, నాటకంలా నడుస్తాయి. తర్వాత ‘అంతోనియుస్’: సిసిలీ నుంచి వచ్చిన ఒక అపరిచితుడు బెక్కదెల్లి గోష్ఠిని వెతుక్కుంటూ వచ్చి, ఆయన మరణించాడని వింటాడు. ప్రాచీన రోమన్ మహాకవి వర్జిల్ చేసిన ఎట్నా అగ్నిపర్వత వర్ణనను తప్పుపట్టిన ప్రాచీనులకు ఇందులో జవాబు ఉంది. ‘అక్తియుస్’ కొంచెం కఠినం, కానీ కవిత్వాభిమాని వదలకూడనిది. కవి సన్నజారోకు ఆ గోష్ఠిలో ఉన్న పేరే దీని పేరు. వర్జిల్ పాదాలలో నాదం ఎలా పుడుతుందో అక్షరం అక్షరంగా విప్పి చూపించి, చివరికి చరిత్ర రచన ఒక విధంగా ఛందస్సు విప్పిన కవిత్వమే అంటుంది. ఈ మాట గుర్తుంచుకుని, నేపుల్స్ వారసత్వ యుద్ధం మీద ఆయన రాసిన ఆరు భాగాల చరిత్రలో ఒక్క భాగం తిరగేస్తే, సిద్ధాంతం ఆచరణలో ఎంతవరకు నిలిచిందో మీరే తేల్చుకోవచ్చు. గోష్ఠి సభ్యుల మారుపేర్లకు ఒక పట్టిక వేసుకోవడం మరవకండి. పొంతానో తనను యోవియానుస్ అని పిలుచుకున్నాడు, భార్య అద్రియానా కవితలలో అరియాద్నా అయింది.

‘అసినుస్’, అంటే ‘గాడిద’, మంత్రిని గురించి ఎక్కువ చెప్పే సంభాషణ. 1486 నాటి సంధి నేపథ్యంగా, ముసలి పొంతానో ఒక గాడిదను మోహించి, దానికి అలంకారాలు చేసి, సేవలు చేసి, చివరికి కృతఘ్నతను ప్రతిఫలంగా పొందుతాడు. గాడిద అంటే తన శిష్యుడైన యువరాజు ఆల్ఫోన్సోయేనని (అదే పేరుగల మొదటి రాజుకు మనవడు) చాలాకాలంగా ఒక వ్యాఖ్యానం ఉంది. దానికి అందరూ ఒప్పుకోలేదు. ఆ ఊహను మొదటి పఠనంలో మనసులోకి రానివ్వకుండా, నవ్వుతూ చదవడమే మేలు.

ఇప్పుడు రాజనీతి గ్రంథాలు. అదే ఆల్ఫోన్సోకు రాసిన ‘దే ప్రింకిపె’ చిన్నది. ఒక్క వారంలో చదవవచ్చు. పాలించేవాడు ఉదారుడుగా, దయగలవాడుగా ఉండాలన్నది దాని తొలి ఉపదేశం. రాజు మాట, నడక, దుస్తులు కూడా గౌరవాన్ని నిలబెట్టాలంటూ ‘మయెస్తాస్’ అనే భావాన్ని అది విస్తరిస్తుంది. ఫ్లోరెన్స్ రాజనీతి రచయిత మాకియవెల్లీ కొన్ని దశాబ్దాల తర్వాత ఔదార్యాన్నీ దయనూ అధ్యాయాలుగా పెట్టి ప్రశ్నించినప్పుడు, అతడు ఎదిరిస్తున్నది ఇలాంటి గ్రంథాల సంప్రదాయాన్నే. దీని తర్వాత 1498లో వెలువడిన ఐదు గ్రంథాల గుత్తిని తీసుకోండి: దానం, ఉపకారం, ఘనమైన వ్యయం, గృహ వైభవం, సహపంక్తి భోజనం. నాకు ఇందులో అన్నిటికంటే ఆసక్తికరం మూడు నాలుగు గ్రంథాల మధ్య గీసిన గీత. ‘మాగ్నిఫికెంతియా’ అంటే భవనాలు, ఆలయాలు, ప్రజల కోసం కట్టే పెద్ద నిర్మాణాలు. ‘స్ప్లెందోర్’ అంటే ఇంటి లోపలి సామగ్రి, పాత్రలు, ఆభరణాల ఎంపిక. ఇలాంటి భేదాలను చదివేటప్పుడు రెండు నిలువు వరుసలు వేసుకోండి: ఒకదానిలో అరిస్టాటిల్, సిసెరోల నుంచి వచ్చిన నిర్వచనం, మరొకదానిలో పొంతానో తన కళ్లతో చూసిన నేపుల్స్ ఉదాహరణ. రెండో వరుస కోసమే ఈ గ్రంథాలను చదవాలి. హాస్యచతురత మీద ఆరు భాగాలలో రాసిన ‘దే సెర్మోనె’కు కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది, సిద్ధాంతం విసుగనిపిస్తే, ఉదాహరణగా ఇచ్చిన చమత్కారాలను మాత్రమే చదివినా నష్టం లేదు.

1495 తర్వాతి రచనలను చదివేటప్పుడు ఒక వివాదం తప్పక ఎదురవుతుంది. ఫ్రెంచి రాజు ఎదుట నేపుల్స్ ప్రజల తరఫున మాట్లాడుతూ, తనను పెంచిన అరగాన్ వంశాన్ని పొంతానో తూలనాడాడని చరిత్రకారుడు గ్విచ్చార్దీని రాశాడు. ఆ ఒక్క మాటతో ఆయన నీతి గ్రంథాలన్నింటినీ కపటంగా కొట్టేసేవారున్నారు. ఆ తొందర వద్దు. ముందుగా గ్రంథం రాసిన తేదీని, అచ్చయిన తేదీని వేరువేరుగా చూడండి. అవిధేయత నేరం మోపబడ్డ మనిషి ‘విధేయత’ మీద గ్రంథాన్ని ఎప్పుడో 1470 ప్రాంతంలోనే రాశాడు. పదవి పోయాక రాసిన ‘దే ఫొర్తూనా’లో మాత్రం, అదృష్టం హేతువుకు అందని ఒక సహజ ప్రేరణ అని, కొందరు దానితోనే పుడతారని వాదించడం వెనుక అనుభవం ఉందని అనుకోవచ్చు.

పెద్ద కావ్యాలను చివరికి ఉంచండి. నక్షత్రాల మీద ఐదు భాగాల ‘ఉరానియా’, వాతావరణం మీద ‘మెతెయొరా’ రెండింటినీ కొడుకు లూచో కోసమే రాశాడు. జ్యోతిషం మీద శ్రద్ధ లేకపోతే ‘ఉరానియా’ను పూర్తిగా చదవాలన్న నియమం లేదు, కానీ పదమూడు పద్నాలుగేళ్ల వయసులో పోయిన కూతురు లూచియా కోసం చేసిన విలాపం అందులోనే ఉంది కనుక చివరి భాగాన్ని వదలకండి. నారింజ, నిమ్మ, దబ్బ చెట్ల పెంపకం మీద ‘దే హోర్తిస్ హెస్పెరిదుమ్’ రెండే భాగాలు. వీనస్ దుఃఖంలో అడోనిస్ నారింజ చెట్టుగా మారిన కథతో పాటు, మొక్కను ఎలా నాటాలో, చలి నుంచి ఎలా కాపాడాలో కూడా ఉంటుంది. ‘లెపిదినా’ అనే గోపకావ్యంలో నేపుల్స్ నగరానికీ అక్కడి వాగు సెబెతోకూ పెళ్లి జరుగుతుంది. ఏడు ఊరేగింపులను ఒక పల్లె జంట కళ్లతో చూపిస్తాడు. మొదటి పద్యం పల్లెదనం చాలు, తర్వాతివి వాటంతట అవే లాక్కుపోతాయి.

నేపుల్స్ వెళ్లగలిగినవారు త్రిబునాలి వీధిలో, భార్య మరణానంతరం పొంతానో 1492లో పూర్తి చేయించిన చిన్న ప్రార్థనాలయాన్ని చూడవచ్చు. బయటి గోడల మీద చెక్కించిన లాటిన్ సూక్తులు గద్య పాఠాలుగా చక్కగా పనికివస్తాయి. నేల మీద రంగు పలకలు, లోపల కుటుంబ సభ్యుల శాసనాలు ఉన్నాయి. ‘దే తుములిస్’ అనే సమాధి కవితల సంపుటిని చేతిలో ఉంచుకుని ఆ శాసనాలను చదవడం మంచిది.

ఆఖరున ‘యాంబికి’ తెరవండి. ఇరవై తొమ్మిదేళ్ల వయసులో పోయిన లూచో కోసం ముసలి తండ్రి రాసిన శోకగీతాలివి. ఛందస్సు మారింది: ఎలిజీ ద్విపద ఊయల ఊపు ఇక్కడ లేదు, లఘువు తర్వాత గురువుగా అడుగులు బరువుగా పడతాయి. పక్కనే మొదటి లాలిపాట ఉన్న పుటను కూడా తెరిచి ఉంచి, రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి పైకి చదవండి. ‘నేనియా’ అనే మాటకు నిఘంటువు ఇచ్చిన మొదటి అర్థాన్ని అప్పుడు మళ్లీ చూడండి.